గతుకుల బల్లత్రోవపై చెక్కబండి

గత వార్షికోత్సవమున మన పాఠశాల ఆవరణలో జరిగిన చెక్కబండ్ల పందెమును చూచిన తల్లిదండ్రులు కొందరు, పందెము ముగిసిన పిమ్మట నా గదికి వచ్చి ఇంచుమించు ఒకే ప్రశ్న వేసిరి. ఇంటియొద్ద నునుపైన బల్లమీద అన్ని బండ్లకంటె వడిగా పోయిన తమ పిల్లవాని బండి, ఇచ్చట రెండవ అతుకు దగ్గర ఎగిరి ప్రక్కకు ఎందుకు పడినదని వారి సందేహము. బల్లలు మంచివి కావని, సంఘమువద్ద ధనము చేరిన వెంటనే క్రొత్తవి చేయింతుమని చెప్పి నేను వారిని పంపితిని. ఆ సమాధానము సగమే నిజము. బల్లలు మంచివి కావనుట నిజమే గాని, ఆ బల్లలపైననే ఏ తొట్రుపాటును లేక చివరివరకు పోయిన బండ్లును కలవు. ఈ యేటి పందెమునకు పిల్లలు చెక్క చేతబట్టకమునుపే మిగిలిన సగము చెప్పుట నా విధి యని తలచి ఈ పాఠము వ్రాయుచున్నాను.

ఈ ఆట మన దేశమున పుట్టినది కాదు. అమెరికాలో పిల్లలు తామే కూర్చుండి వాలుమీద నడుపు పెద్ద పెట్టెబండ్ల పందెములు 1930 ప్రాంతమునుండి జరుగుచుండెను. కాలిఫోర్నియా రాష్ట్రమున మాన్‌హట్టన్ బీచ్ అను ఊర డాన్ మర్ఫీ అను ఆయన స్కౌటు పిల్లల దళమునకు నాయకుడుగా నుండెను. ఆయన కుమారునకు పదియేండ్లు. పెట్టెబండి పందెమునకు పండ్రెండేండ్లు నిండవలెను. పిల్లవాడు చిన్నబుచ్చుకొనగా, తండ్రి అరచేత పట్టునంతటి చెక్కబండ్ల పందెమును కల్పించి 1953 మే 15వ తేదీన మొదటిసారి జరిపెను. ఏడు అంగుళముల పైన్ చెక్క ముక్క, నాలుగు మేకులు, నాలుగు చక్రములు, మొత్తము బరువు అయిదు ఔన్సులు, అనగా సుమారు 142 గ్రాములు మించరాదు. త్రోయరాదు, యంత్రము పెట్టరాదు. వాలుమీద వదలిన బండి తన బరువుతో తానే దిగవలెను. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు పలువురు స్కౌటులలో చేరి ఈ బండ్లు చేయుచున్నారు. అట్టి ఒక కుటుంబము వైట్‌ఫీల్డు కంపెనీలో ఉద్యోగమునకై మరలివచ్చి, తమ పిల్లవానిని మన పాఠశాలలో చేర్చినప్పుడు, ఆ బాలుడు సంచిలోనుండి తీసి చూపిన నీలిరంగు బండితో ఇచ్చట ఈ ఆట ఆరంభమైనది.

మనము వారి కొలతలను తీసికొంటిమి గాని వస్తువులను కాదు. చెక్క, గోదాముల దగ్గర దొరకు ప్యాకింగు పెట్టెలలోనిది. అదియును పైన్ కర్రయే. చక్రములు చన్నపట్టణమున తరిణె పట్టినవి. ఆ బొమ్మలకు వాడు కర్రను కన్నడమున ఆలెమర అందురు. మన విశాఖ ప్రాంతమున ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయువారు వాడు అంకుడు కర్రయును అదే చెట్టు. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారి ముఖములు వికసించినవి. ఇక్కడి చెట్టు అక్కడి చెట్టు ఒకటే యని తెలిసికొనుట ఇక్కడ పెరుగు మన పిల్లలకు చిన్న సంతోషము కాదు.

ఇక మన బల్లత్రోవ సంగతి. ఎనిమిదేసి అడుగుల ప్లైవుడ్డు పలకలు నాలుగు వరుసగా చేర్చగా 32 అడుగులైనది. మొదటి పలక పైకొన నాలుగడుగుల ఎత్తున వరండాలోని బల్లమీద ఆనును, క్రింది కొన కొంచెము వంగి నేలను చేరును. తక్కిన మూడును నేలమీద చదునుగా నుండును. బండి పోవు ప్రతి దారికిని నడుమ ఒక పట్టె కలదు. అది నలువది మిల్లీమీటర్ల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల ఎత్తు. బండి చక్రములు ఈ పట్టెకు ఇరువైపుల నడచును. పట్టెయే బండికి కళ్ళెము. ఈ పలకలు ఏడాదికి ఒక్కనాడు వెలుపలికి వచ్చి, మిగిలిన దినములు మెట్లక్రింద నీళ్ళతొట్టి ప్రక్కన నిలువబడి యుండును. కుందలహళ్ళి వానలకు అంచులు ఉబ్బినవి. రెండవ అతుకు దగ్గర ఒక పలక మరొకదానికంటె ఒక మిల్లీమీటరు ఎత్తు లేచినది, నడిమి పట్టెయు అచ్చట వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినది.

ఒక మిల్లీమీటరు ఏమంత యని కొందరు నవ్విరి. నవ్వవలసినది కాదు. మన పల్లెలలో ఎద్దుబండి చక్రము నిలువు అయిదడుగులదాక ఉండును. అట్టి చక్రమునకు ఒక మిల్లీమీటరు మెట్టు తగులునప్పుడు, తగిలిన చోటు చక్రపు అడుగునుండి మూడు డిగ్రీల దూరముననే యుండును. మెట్టు ఉన్నట్లు బండికి తెలియనే తెలియదు. మన పిల్లల చక్రము వ్యాసార్ధము పదునైదు మిల్లీమీటర్లే. అదే మెట్టు దానికి ఇరువదియొక్క డిగ్రీల దగ్గర తగులును. అనగా చిన్న చక్రమునకది మెట్టు కాదు, గోడ. వాలు దిగిన బండి సెకనునకు పదునారడుగుల వేగమునకు చేరువలో వచ్చి ఆ గోడను కొట్టును. ముందుచక్రము ఎగురును. ఎగిరినంతసేపు దానికి పట్టె యను కళ్ళెము లేదు.

కాబట్టి బండి చేయుటకు ముందు త్రోవను చదువవలెను. పందెమునకు రెండు వారముల ముందే పలకలను పరచి యుంచుదుము. పిల్లలు కన్నులు మూసికొని అతుకులపై గోరు నడిపింపవలెను. కంటికి కనబడని మెట్టు గోటికి తగులును. ఒక గోలీని మెల్లగా దొర్లించి ఎటు మరలునో చూడవలెను. మూడు దారులలో ఏది ఎచ్చట చెడినదో పుస్తకమున వ్రాసికొనవలెను. మా దర్జీ ఒకప్పుడు, ఒళ్ళు కొలువక గుడ్డ కత్తిరింపరాదని నాతో అనెను. ఆయన నా కొలతను తప్పుగా తీసిన సంగతి వేరు.

బండికి అన్నిటికంటె ముఖ్యము బరువు ఎచ్చట నున్నదనుట. బండిని స్కేలు అంచుపై నిలిపినచో ఏ చోట తూగునో అది దాని గురుత్వకేంద్రము. నున్నని త్రోవపై పందెములు గెలుచువారు దీనిని వెనుక ఇరుసునకు ముప్పాతిక అంగుళము ముందు ఉంచుదురు. కారణము స్పష్టమే. ముక్కు ఒకే చోట నిలిపి వదలినప్పుడు, బరువు వెనుకనున్న బండి బరువు వాలుమీద మరికొంత ఎత్తుననుండి దిగును. ఎత్తు పెరిగిన కొలది వేగము పెరుగును. ఇదంతయు పుస్తకములలో నున్నది, నిజమును. అయితే ఎంత పెరుగును? ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఈ లెక్క చేయించితిని. మన వాలు సుమారు 30 డిగ్రీలు. బరువును అర అంగుళము వెనుకకు జరిపినచో అది దిగు ఎత్తు పావు అంగుళము పెరుగును. మొత్తము ఎత్తు 48 అంగుళములు గనుక ఇది నూటికి అర పాలు. వేగము ఎత్తుయొక్క వర్గమూలమును అనుసరించును గనుక వేగమున లాభము నూటికి పావు పాలు మాత్రమే. 32 అడుగుల చివర అది ఇంచుమించు ఒక్క అంగుళము ముందంజ.

ఆ ఒక్క అంగుళమునకు మనము చెల్లించు వెల చూడుడు. బరువంతయు వెనుకకు పోయినప్పుడు ముందుచక్రములపై భారము తగ్గును. తేలికైన ముక్కు అతుకు తగులగానే లేచును, లేచినది ఆలస్యముగా దిగును. దిగునప్పటికి పట్టె ప్రక్కన లేదు, పట్టెమీదనే దిగును. బండి అడ్డము తిరిగి నిలిచిపోవును. నున్నని త్రోవమీద అంగుళము గెలిపించిన అమరికయే గతుకుల త్రోవమీద పందెమునే పోగొట్టినది. మన త్రోవకు గురుత్వకేంద్రము వెనుక ఇరుసునకు ఒకటింబావు అంగుళము ముందు ఉండుట మేలు.

ఈ సంగతి నేను కనిపెట్టినది కాదు. ఇచ్చట నా తప్పు చెప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలిక, తండ్రి సెంట్రింగు పని చేయువాడు, పందెమునకు పది దినముల ముందు ఒక నోటుపుస్తకము తెచ్చి నాకు చూపినది. బరువును ముప్పాతిక అంగుళము దగ్గర ఉంచి పది మారులు వదలితే నాలుగు మారులు బండి పడిపోయినదట. ఒకటింబావు అంగుళము దగ్గర ఉంచి పది మారులు వదలితే ఒక్కమారును పడలేదట. "ముందుకే పెట్టుకుంటా సార్" అని అడిగినది. నేను అప్పటికి అమెరికా వారి వ్రాతలు రెండు మూడు చదివి యుంటిని. "పుస్తకంలో ఉన్నట్టు వెనక్కే పెట్టమ్మా, వేగం వస్తుంది" అంటిని. "సరే సార్" అని వెళ్ళిపోయినది. పందెమునాడు ఆమె బండి రెండవ అతుకు దగ్గర పడినది. ఆమె ఏడ్వలేదు, నావైపు చూడనైన చూడలేదు. సంచిలోనుండి పుస్తకము తీసి, వెనుక బరువు పట్టికలో పదునొకండవ మారు, పడినది, అని వ్రాసికొన్నది.

తల్లిదండ్రులకు బల్లలమీద నెపము చెప్పి పంపిన సాయంకాలమే ఆ పట్టికను మరల అడిగి చూచితిని. నేను చదివిన వ్రాతలు తప్పు కావు. అవి నున్నని అల్యూమినియపు త్రోవలకు వ్రాసినవి. ఆమె వ్రాసినది మన పలకలకు. రెంటిలో మన పందెమునకు పనికివచ్చునది ఏదో పోల్చుకొనుటకు ముప్పది యేండ్ల ఉపాధ్యాయ వృత్తి నాకు చాలకపోయినది.

ఇక ఇరుసుల మాట. ఎంత మంచి బరువైనను ఇరుసు గరుకైనచో వ్యర్థము. మేకు తలక్రింద చిన్న చిన్న గరుకులు ఉండును. ఆకురాయితో వానిని తీసి, 400, 600, 1000 అంకెల ఎమరీ కాగితములతో వరుసగా రుద్దవలెను. చివర పండ్లపొడి ముద్దతో గుడ్డతో తోమినచో మేకు అద్దమువలె మెరయును. ఈ పని పూర్తిగా పిల్లలే చేయగలరు, చేసితీరవలెను.

కందెనయన్న మాట మన పిల్లలకు శతక పద్యములలో తప్ప ఇతరత్ర వినబడుట లేదు. వెనుక బండ్లవారు ఆముదములో గడ్డిమసి కలిపి ఇరుసునకు పట్టించెడివారు. పిల్లలు పలువురు ఇంటినుండి కొబ్బరినూనె తెత్తురు. నూనె ఈ బండికి పనికిరాదు. దుమ్ము పట్టి జిగురగును. మెత్తని 6బి పెన్సిలు ములుకును గీకి ఆ పొడిని చక్రపు రంధ్రమున వేసి, చక్రమును వేలితో ఇరువది ముప్పది మారులు త్రిప్పవలెను. ఆ పొడి గ్రాఫైటు, అదియు ఒకరకపు బొగ్గే. తాతలు మసి కలిపిరి, మనుమలు పెన్సిలు గీకుచున్నారు, అంతే భేదము. మనకు చెక్కపని నేర్పు కన్నడ మేస్త్రి దీనిని కీలెణ్ణె అనెను. ఇరుసును అచ్చు అనెను. ఒక పిల్లవాడు ముద్రణాలయపు అచ్చు కాబోలునని వెదకుచుండగా తరగతి యంతయు నవ్వినది. ఆ మాట వారు ఇక మరువరు.

చక్రమునకును బండి ప్రక్కకును నడుమ పోస్టుకార్డు రెండు మడతల సందు చాలును. ఎక్కువ సందు ఉన్నచో అతుకు తగిలినప్పుడెల్ల చక్రము ఇటునటు ఊగి, వడిని తినివేయును.

నేర్పరులు ముందుచక్రములలో ఒకదానిని కొంచెము పైకి బిగించి నేల తాకకుండ చేయుదురు. మూడు చక్రములపై నడచు బండికి త్రిప్పవలసిన చక్రమొకటి తక్కువ, రాపిడియు తక్కువ. నున్నని త్రోవకు ఇది మంచి యుక్తి. మన త్రోవపై ముక్కు ఎగిరి దిగునప్పుడు ఆధారములేని వైపునకు బండి ఒరగుట నేను చూచితిని. పెద్ద తరగతి పిల్లలు ప్రయత్నింపవచ్చును. చిన్నవారు నాలుగును నేల మోపుటయే మంచిది.

దిశ విషయమున జాగ్రత్త ఎక్కువ కావలెను. బండి తిన్నగా పోవలెనని అందరును కోరుదురు. చిత్రమేమనగా, మిక్కిలి తిన్నగా పోవు బండి పట్టెకు ఈవల ఒకమారు, ఆవల ఒకమారు కొట్టుకొనుచు పోవును. ప్రతి దెబ్బకును వడి తగ్గును. అందుచే ఒక ముందుచక్రపు మేకును రవంత వంచి, బండి ఎల్లప్పుడు ఒకేవైపు పట్టెను మెత్తగా ఆనుకొని నడచునట్లు చేయుదురు. కొలుచుట ఇట్లు: నాలుగడుగుల నున్నని బల్లను కొంచెము వాల్చి, నడుమ గీత గీచి, గీతపై బండిని వదలవలెను. చివరకు వచ్చునప్పటికి అది గీతనుండి ఎంత ప్రక్కకు జరిగినదో చూడవలెను. నాలుగంగుళములు జరిగినచో నున్నని త్రోవకు చాలును. మన త్రోవకు అయిదారు అంగుళములు కావలెను. ఏలయనగా అతుకు దగ్గర పట్టె బండిని ఆవలకు నెట్టును. మరల తనంతట వచ్చి ఆనుకొను స్వభావము బండికి ఉండవలెను. రాపిడి కొంత పెరుగును, నిజమే. పెరగనిండు. ఎనిమిది అంగుళములు దాటినచో మాత్రము ఆనుకొనుట కాదు, ఈడ్చుకొనుట అగును.

బరువులకు సీసము వాడవలదని గట్టిగా చెప్పుచున్నాను. అది విషము. పిల్లలు చేతులతో పట్టి, అవే చేతులతో తినుదురు. సైకిలు దుకాణమున దొరకు ఇనుప నట్టులు, వాషర్లు చాలును. వానిని చెక్కలో గాడి తొలిచి అందులో అరల్డైటుతో కదలకుండ బిగింపవలెను. గత సంవత్సరము ఒక బండి గెలుపుగీతకు రెండడుగుల దూరమున తన బరువును తానే క్రింద పారవేసికొన్నది. మొత్తము బరువు 140 గ్రాములు మించరాదు. మన కిరాణా అంగడివారి త్రాసు అరువిచ్చుటకు ఒప్పుకొన్నారు.

బండి ఆకారమును గూర్చి పిల్లలు పడు శ్రమలో పదవవంతు ఇరుసుపై పడినచో బాగుండును. పులిముఖములు, విమానపు రెక్కలు కంటికి ఇంపు. వేగమునకు వానివలన కలుగు మేలు స్వల్పము. రెక్కలు ప్రక్కదారి బండికి తగులకుండ ఉండిన చాలును.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. గత పందెమున పాల్గొన్న బండ్లలో కొన్ని పిల్లలు చేసినవి కావని వానిని చూచిన మాత్రమున తెలియును. పదియేండ్ల బాలుని చేత అంతటి నున్నని చిత్రిక రాదు. అమెరికాలోను ఈ జబ్బు కలదట. అందుచే కొన్నిచోట్ల పెద్దలకు వేరుగా ఒక పందెము పెట్టుచున్నారు. మనమును అట్లే పెట్టుదము. మీలో వడ్రంగులు, ఫిట్టర్లు, ఇంజినీర్లు ఎందరో కలరు. మీ నేర్పును ఆ పందెమున చూపుడు. పిల్లల బండిలో రంపము, డ్రిల్లు పట్టవలసిన పని మాత్రము మీరు చేయుడు. మేకు రుద్దుట, బరువు జరుపుట, వదలి చూచుట, పుస్తకమున వ్రాయుట వారికి విడువుడు. పిల్లవాడు మీ లెక్కకు భిన్నమైన లెక్క తెచ్చినచో, త్రోసివేయక ముందు ఇరువురును కలిసి పదిమారులు వదలి చూడుడు. పని ముగించి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరువారికి ఇది కష్టమని నేనెరుగుదును. మీ సౌకర్యము కొరకు రెండు ఆదివారములు ఉదయము తొమ్మిదినుండి పండ్రెండువరకు పాఠశాల తెరచియుండును. మెట్రోలో వచ్చువారు కుందలహళ్ళి స్టేషనులో దిగవలెను.

గత సంవత్సరపు బాలిక ఇప్పుడు ఎనిమిదవ తరగతి. పలకలు పరచు దినములలో అతుకుల కొలతలు తీసి గోడపై వ్రాయు పని ఆమెకు ఒప్పగించితిని. మొదటి దినమున ఆమె వ్రాసిన దానిలో, రెండవ అతుకు మెట్టు ఎడమ దారిలో తక్కువగను, కుడి దారిలో ఎక్కువగను ఉన్నట్లు తేలినది. అందుచే ఈ యేడు ప్రతి బండియు మూడు దారులలోను ఒక్కొక్కమారు పరుగెత్తును. మూడు కాలములను కూడి గెలుపు నిర్ణయింతుము.

పలకలను బాగుచేయు ప్రయత్నమును మానలేదు. ఒక తండ్రిగారు ఆదివారము వచ్చి రెండవ అతుకు క్రింద చెక్క దిమ్మ బిగించి, పట్టె అంచును చిత్రిక పట్టి పోయిరి. మెట్టు సగము తగ్గినది. మూడవ అతుకు మాత్రము మునుపు బాగుగా నుండి, ఇప్పుడు కొంచెము లేచినది. పిల్లలు దానిని కూడ కొలిచి గోడపై వ్రాసిరి.